ధ్రువాలకు పోని తిమింగలాలు

టోలీచౌకి నుంచి ఒక పాఠకురాలు రాశారు: "మా అన్నయ్య ఒమన్‌లోని సలాలాలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి సముద్రంలో మూపురం తిమింగలాలు ఏడాది పొడవునా ఉంటాయట. మా అబ్బాయి పుస్తకంలో మాత్రం అవి ధ్రువాల దాకా వలస వెళ్తాయని ఉంది. ఏది నిజం?"

రెండూ నిజమే. దాదాపు అన్ని మూపురం తిమింగలాలూ చల్లని సముద్రాల్లో మేత మేసి, వెచ్చని సముద్రాల్లో ఈనుతాయి. కోస్టారికా తీరంలో కనిపించినవి అంటార్కిటికాకు ఒకవైపే 8 వేల కిలోమీటర్లకు పైగా ఈదుతాయి. వెచ్చని నీళ్లలో తిండి లేదు కాబట్టే ఇంత ప్రయాణం. అరేబియా సముద్రంలోని మందకు ఆ అవసరం లేదు. దాని మేతను నైరుతి రుతుపవనాలే ఇంటికి తెచ్చిపెడతాయి. మన చెరువులు నింపే గాలే అక్కడ తిమింగలాల కడుపు నింపుతోంది! ఇది ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఆశ్చర్యమే.

ఇరానీ హోటల్లో చాయ్‌ని సాసర్లో పోసుకుని ఒక్క నిమిషం ఆగండి. పైన పలుచగా మీగడ కడుతుంది. ఒక పక్క నుంచి మెల్లగా ఊదితే ఆ మీగడ ముడతలు పడుతూ అవతలి అంచుకు చేరుతుంది. ఇవతలి అంచు దగ్గర కింద దాగిన చాయ్ బయటపడుతుంది. ఒమన్ తీరంలో జరిగేదీ ఇదే, ఒక మెలికతో. అక్కడ గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి వీచదు. నైరుతి నుంచి ఈశాన్యానికి తీరం వెంబడే వీస్తుంది. మరి నీరు ఒడ్డును వదిలి ఎందుకు పోతుంది?

1893లో బయలుదేరి, ఫ్రామ్ నౌకను ఆర్కిటిక్ మంచులో కావాలనే ఇరికించి, దానితోపాటే మూడేళ్లు కొట్టుకుపోయిన నార్వే అన్వేషకుడు నాన్సెన్ ఒక వింత గమనించాడు. తేలే మంచు, గాలి పోయే దిశలో కాక, దానికి 20 నుంచి 40 డిగ్రీలు కుడికి ఒరిగి సాగుతోంది. స్వీడన్‌కు చెందిన శాస్త్రవేత్త ఎక్మన్ దానికి లెక్క కట్టాడు. సముద్రాన్ని పొరలు పొరలుగా ఊహించుకోండి. గాలి పై పొరను లాగుతుంది. భూమి తిరుగుతున్నందువల్ల ఉత్తరార్ధగోళంలో ఆ పొర కుడికి మళ్లుతుంది. అది కింది పొరను లాగితే, ఆ పొర ఇంకాస్త కుడికి, ఇంకాస్త నెమ్మదిగా కదులుతుంది. ఇలా దిగుతూ పోతే ప్రవాహం మరమేకు చుట్టులా మెలి తిరుగుతుంది. అన్నిటినీ కలిపి చూస్తే నీరు గాలికి సరిగ్గా లంబంగా, కుడివైపుకు పోతుంది. ఈశాన్యానికి వీచే గాలికి కుడి అంటే ఆగ్నేయం, నడిసముద్రం. ఒడ్డున పడ్డ వెలితిని పూడ్చడానికి లోతు నుంచి చల్లని నీరు ఎగదన్నుకొస్తుంది. సాసర్లో మీగడ కుడికి తిరగదు. సాసరు చిన్నది, ఊపిరి క్షణం. ఒమన్ తీరంలో గాలి మూడు నెలలు ఆగదు.

ఆ నీటితో నైట్రేట్లు, ఫాస్ఫేట్లు పైకొస్తాయి. ఎండ తగలగానే వృక్షప్లవకాలు, అంటే నీటిలో తేలే అతిచిన్న మొక్కలు, విరగకాస్తాయి, వాటిని తిని జంతుప్లవకాలనే అతిచిన్న జీవులూ, కవళ్ల (సార్డిన్ చేపల) గుంపులూ పెరుగుతాయి. సలాలా కొండలను ఆకుపచ్చగా మార్చే మంచుతెర కూడా ఈ చల్లని నీటి చలవే. మన బడుల్లో రుతుపవనాలంటే వాన ఒక్కటే చెబుతారు, సముద్రంలో జరిగే సగం కథ వదిలేస్తారు. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు చూపే నీటి రంగును, ఉష్ణోగ్రతను బట్టే చేపలు ఎక్కడ దొరుకుతాయో జాలరులకు చెబుతుంది. ఆ శాస్త్రం పిల్లలకు అందాలి. మృగశిర కార్తె నాడు చేప తింటే రోగాలు రావన్న నమ్మకం మాత్రం ఎవరూ నేర్పకుండానే అందుతోంది, దానికి ఆధారమేమీ లేకపోయినా.

అరేబియా సముద్రపు తిమింగలాల మందకు దక్షిణార్ధగోళపు బంధువులతో రాకపోకలు తెగి దాదాపు 70 వేల ఏళ్లయిందని జన్యు పరిశీలన చెబుతోంది. ఇవి జనవరి నుంచి ఏప్రిల్ దాకా జతకట్టి ఈనుతాయి. దక్షిణపు తిమింగలాలకు ఆ కాలం జులై తర్వాత. పంచాంగాలే కలవవు. ఈ సంగతికి తొలి గట్టి ఆధారం బాధాకరంగా దొరికింది. 1966 నవంబరులో సోవియట్ నౌకలు ఇక్కడ రెండు వందలకు పైగా తిమింగలాలను చంపాయి. కోసినప్పుడు గర్భంలోని పిల్లల పరిమాణం ఉత్తరార్ధగోళంలో ఈనే కాలానికే సరిపోయింది. బ్రెజిల్ తీరపు మంద ఒకప్పుడు 450కి పడిపోయి, వేట ఆగాక 25 వేలకు చేరింది. ఒమన్ మంద కోలుకోలేదు. తోకల ఫోటోలతో వేసిన అంచనా 82. ఫోటోల్లో పరిశీలించిన వాటిలో 30 నుంచి 40 శాతం ఒంటిపై వలల్లో చిక్కిన మచ్చలున్నాయి.

వలస వెళ్లవంటే కదలవని కాదు. 2017 చివర ఒమన్ దగ్గర ఒక ఆడ తిమింగలానికి ఉపగ్రహ ట్యాగు అమర్చి, దానికి లుబాన్ అని పేరు పెట్టారు. చార్మినార్ దుకాణాల్లో వినిపించే లోబాన్ అన్న మాటకు మూలం ఈ అరబ్బీ పదమే. డిసెంబరులో లుబాన్ అరేబియా సముద్రాన్ని అడ్డంగా దాటి గోవా వైపు వచ్చింది. అక్కడి నుంచి మన పడమటి తీరం వెంట దక్షిణానికి, కన్యాకుమారి దాకా ఈదింది.