"నాన్నకి మాత్రం చెప్పకండి మేడమ్": అపోహలు - వాస్తవాలు

క్యాన్సర్ వార్డు బయట నన్ను పక్కకి పిలిచి పెద్దకొడుకో తమ్ముడో చెప్పే మొదటి మాట ఇదే. "తెలిస్తే ఆ బెంగతోనే పోతాడు" అంటారు. పాలియేటివ్ కేర్‌లో, అంటే పెద్ద జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే చికిత్సలో ఉన్న మాకు ఇది రోజూ వినపడేదే. వాళ్ల భయం అర్థమవుతుంది, కానీ ఆ మాటలో నిజం లేదు. ఉన్నది చెప్పినంత మాత్రాన జబ్బు ముదరదు.

అసలు ఆయనకి తెలియదని ఎలా అనుకుంటారు? క్యాన్సర్ హాస్పిటల్ బోర్డు కింద నుంచే లోపలికి వచ్చాడు. జుట్టు రాలినవాళ్ల మధ్య కూర్చుని కీమో ఎక్కించుకుంటున్నాడు. "అల్సరే నాన్నా" అంటే నమ్మినట్టు ఊరుకుంటాడు, అంతే.

ఒక రైతు ఉండేవాడు, పాంక్రియాస్ క్యాన్సర్. కొడుకు టీకి వెళ్లగానే గొంతు తగ్గించి, "మావాడికి చెప్పకమ్మా, తట్టుకోలేడు" అన్నాడు. దిండు కింద చిన్న నోట్‌బుక్. బోరు కోసం తెచ్చిన అప్పులు, ఎవరికెంత ఇవ్వాలో, వడ్లమ్మిన సేటు ఎంత బాకీ ఉన్నాడో అన్నీ అందులోనే. కొడుకు వచ్చాక అతని ముందే అడిగాను: "మీ జబ్బు గురించి మీకేం అర్థమైంది?" ఇద్దరూ ఏడ్చారు. ఆ తర్వాత సాయంత్రం దాకా లెక్కలే. మధ్యలో ఒక గేదెను అమ్మాలా వద్దా అని గొడవ కూడా పడ్డారు!

దాచిపెట్టిన ఇళ్లలో ఈ నోట్‌బుక్ ఎవరికీ దొరకదు. పెద్దాయన ఏం కోరుకున్నాడో తెలియక, చివరి వారంలో పొలం తాకట్టు పెట్టి వెంటిలేటర్ మీద పెట్టిస్తారు.

చెప్పడమంటే మొహం మీద తేదీ చెప్పేయడం కాదు. ఎంతవరకు తెలుసుకోవాలనుందో ముందు అడుగుతాం. "నాకొద్దు, మా అమ్మాయితో మాట్లాడండి" అంటే అక్కడితో ఆపేస్తాం. ఎన్నాళ్లని అడిగితే వారాలా, నెలలా అన్నంత వరకే చెబుతాం. మీకు నోరు రాకపోతే ఆ పని మాకు వదిలేయండి. మేం మాట్లాడేటప్పుడు వెనక నుంచి కళ్లతో సైగలు చేయకండి, చాలు.

మిగతావి గబగబా. మార్ఫిన్ ఇస్తే ప్రాణం పోతుందా? నొప్పికి తగ్గ డోసులో ఇస్తే పోదు, నొప్పి తగ్గి నిద్ర పడుతుంది. మలబద్ధకం వస్తుంది, దానికి విడిగా మందు రాస్తాం. పాలియేటివ్ అంటే చేతులెత్తేయడమా? 2010లో అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్ పేషెంట్ల మీద జరిగిన స్టడీలో, మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచీ ఇది కూడా అందినవాళ్లు రెండు నెలలకు పైగా ఎక్కువ బతికారు. ఆకుపసరుతో స్టేజ్ ఫోర్ మాయమైందన్న వాట్సాప్ ఫార్వర్డులకు జవాబివ్వడం నేనెప్పుడో మానేశాను.

లివింగ్ విల్ (చివరి దశలో ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే కాగితం) చట్టవిరుద్ధం అనేవాళ్లూ ఉన్నారు. 2018లోనే సుప్రీంకోర్టు ఒప్పుకుంది. 2023లో ఇంకా సులువు చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ సంతకం ఉంటే చాలు. కాకపోతే అది రాయాల్సింది పేషెంటే. విషయమే తెలియని మనిషి ఏమని రాస్తాడు?