నోట్సు నిండితే సైన్సు వచ్చినట్టేనా? ఆరు నుంచి ఎనిమిది తరగతుల వరకు కొన్ని అపోహలు, వాస్తవాలు

ఫార్మేటివ్ పరీక్ష మార్కులు ఇళ్లకు చేరిన వారంలోనే మా స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర ప్రతి ఏడాదీ ఒకే సంభాషణ నడుస్తుంది. బిడ్డ పుస్తకాన్ని ఒక చేతిలోనూ, వేరే బడిలో చదివే పక్కింటి పిల్లవాడి పుస్తకాన్ని మరొక చేతిలోనూ పట్టుకొని ఒక తండ్రి నిలబడి ఉంటాడు. పక్కింటి పుస్తకంలో ప్రశ్నకు నల్ల సిరా, జవాబుకు నీలం సిరా, పేజీ పేజీకీ ఎర్ర టిక్కు ఉంటాయి. నా విద్యార్థి పుస్తకంలో పెన్సిలు బొమ్మలు, కొట్టివేతలు, "నేను అనుకున్నట్టు జరగలేదు" వంటి వాక్యాలు ఉంటాయి. "మీరు నోట్సు చెప్పడం లేదంట గదా సార్" అని ఆయన మెల్లగా అడుగుతాడు. ఆ మాటలో ఫిర్యాదు కంటే భయమే ఎక్కువని తెలుసు కనుక నాకు కోపం రాదు. తరగతి గుమ్మం ఒక్కసారైనా తొక్కకుండా "ఆ సార్ సిలబస్ చెప్పడు, ఆటలాడిస్తాడు" అని ఊరి వాట్సాప్ గ్రూపులో రాసేవారి మీద మాత్రం వస్తుంది.

అపోహ: ప్రశ్న జవాబుల నోట్సు నిండి, అది కంఠతా వస్తే సైన్సు వచ్చినట్టే.

వాస్తవం: పిల్లలకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇదే. ఒప్పుకోవలసిన విషయమేమిటంటే, ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కూడా గైడు చూసి జవాబులు చెప్పి రాయించినవాడినే. అప్పట్లో నేను కనిగిరి ప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాలలో పనిచేసేవాడిని. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య ఎంత పాతదో పళ్ల మీద గారతో నవ్వే పిల్లలను చూస్తేనే తెలుస్తుంది. ఒకరోజు ఏడో తరగతి లఘు పరీక్షలో, పుస్తకంలో లేని ప్రశ్న ఒకటి ఇచ్చాను: "మన బోరు నీళ్లను కాచి చల్లార్చి తాగితే ఫ్లోరైడ్ పోతుందా?" దాదాపు తరగతి అంతా ఒక్క అక్షరం తేడా లేకుండా ఒకే జవాబు రాసింది: "నీటిని మరిగించుట వలన సూక్ష్మక్రిములు నశించి నీరు శుద్ధి అగును." అది నేను చెప్పి రాయించిన జవాబే. సూక్ష్మక్రిముల వరకు అందులో తప్పు లేదు. కానీ నీళ్లు మరిగితే ఆవిరయ్యేది నీరే. కరిగి ఉన్న ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగిలిపోతుంది, నీరు తగ్గిన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది కూడా. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదని చెప్పే లవణాన్ని ఇంట్లో పొయ్యి మీద పెట్టి తగ్గించలేము. అందుకు పటిక, సున్నం కలిపి తేర్చే నల్గొండ పద్ధతో, ఆర్వో యంత్రమో కావాలి.

ఒక్క అమ్మాయి మాత్రం, అక్షర దోషాలతో, ఇలా రాసింది: "పోదు సార్. మా అమ్మ నీళ్లు కాచే గిన్నెకు అడుగున తెల్లగా కడుతుంది. నీళ్లు పోతాయి గాని అందులోది పోదు." ఆ తెల్లటి పొర ఫ్లోరైడ్ కాదు, కఠిన జలం నుంచి వచ్చే కాల్షియం కార్బొనేటు. అయినా ఆవిరి కానిది అడుగున మిగులుతుందని ఆ పాప కళ్లతో చూసి పట్టుకున్నది, మిగిలిన తరగతి అంతా పట్టుకోలేనిది. నోటు పుస్తకం సగం ఖాళీగా ఉందని అంతకు ముందు నెలలోనే నేను ఆ పిల్లకు రాత పనిలో అందరికంటే తక్కువ మార్కులు వేసి ఉన్నాను. ఆ సాయంత్రం నుంచి జవాబులు చెప్పి రాయించడం మానేశాను.

ఆ తర్వాత నా తరగతిలో ఏర్పడిన పద్ధతి పెద్ద రహస్యమేమీ కాదు. ఏ ప్రయోగానికైనా ముందు ఏం జరుగుతుందని అనుకుంటున్నారో ప్రతి ఒక్కరూ పుస్తకంలో రాయాలి. తర్వాత ఏం చూశారో రాయాలి. అనుకున్నది తప్పని తేలితే దాన్ని రబ్బరుతో చెరపకూడదు, చదవడానికి వీలుగా ఒకే గీతతో కొట్టి పక్కన కారణం రాయాలి. తప్పు ఊహకు నేను మార్కులు కోయను, కానీ పక్కవాడి ఊహను ఎక్కించుకుంటే కోస్తాను. "తెలియదు సార్" అనడానికి అనుమతి ఉంది, దాని వెంట "ఎలా తెలుసుకోవచ్చు?" అనే ప్రశ్న వస్తుందని అందరికీ తెలుసు. జట్టుగా పనిచేసేటప్పుడు గోల ఉంటుంది, దానికి నేను బెత్తం పట్టుకోను, అయితే జట్టు తరఫున లేచి చెప్పేటప్పుడు మిగిలినవారు నిశ్శబ్దంగా వినాలి.

చూసింది రాయడం అన్నంత తేలిక కాదు. ఆమ్లం కార్బొనేటుతో కలిస్తే బుడగలు వస్తాయన్న పాఠానికి బోర్డు సుద్దముక్క మీద నిమ్మరసం పోయిస్తే, సగం మంది బుడగలు రాకపోయినా "బుడగలు వచ్చినవి" అని రాశారు. మార్కెట్లో దొరికే సుద్ద ఎక్కువగా జిప్సం, అంటే కాల్షియం సల్ఫేటు, కనుక పొంగదు. మరునాడు కార్బొనేటు ఉన్న కోడిగుడ్డు పెంకు తెప్పించి అదే రసం పోయిస్తే చిన్న చిన్న బుడగలు లేచాయి. గైడులో ఉన్నదాన్ని కళ్లతో చూసినట్టు రాసే అలవాటు పదకొండేళ్లకే స్థిరపడితే, దాన్ని మాన్పించడానికి నాకు ఒక విద్యా సంవత్సరం పడుతున్నది.

దీని ఖరీదు ఎక్కడ బయటపడుతుందంటే, ఆరు, ఏడు తరగతులలో సామాన్య శాస్త్రంగా ఒక్కటే ఉన్న సబ్జెక్టు ఎనిమిదిలో భౌతిక రసాయన శాస్త్రం, జీవశాస్త్రం అని రెండుగా విడిపోయినప్పుడు. అదే ఏడాది మన పిల్లలు నేషనల్ మీన్స్ కం మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష రాస్తారు. అందులో మానసిక సామర్థ్యానికి 90, పాఠ్యాంశాలకు 90 మార్కులు ఉంటాయి, ఎంపికైన వారికి తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడు వరకు ఏటా 12,000 రూపాయలు అందుతాయి. కూలి పనికి వెళ్లే ఇంటికి అది చిన్న మొత్తం కాదు. అక్కడ ప్రశ్న కొంచెం తిరగేసి అడిగితే, అందమైన నోట్సు ఉన్న పిల్లలే ముందుగా పెన్ను కింద పెడుతున్నారు.

ఇప్పుడు నేను సింగరాయకొండ వైపు తీరప్రాంతంలో పనిచేస్తున్నాను. మొన్న రెండు పుస్తకాలతో వచ్చిన తండ్రికి రొయ్యల చెరువు ఉంది. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ చక్రాలు తిరుగుతున్నాయో లేదో ఎందుకు చూసుకుంటారని ఆయనను అడిగాను. "ఆ టైముకు నీళ్లలో ఆక్సిజన్ పడిపోద్ది సార్, కరెంటు పోయిందంటే పంట మొత్తం తేలిపోద్ది" అన్నారు. ఎందుకు పడిపోతుందని అడిగితే చెప్పలేకపోయారు. అప్పుడు వారి అబ్బాయి పుస్తకం తెరిచి, కొట్టివేతలున్న పేజీ చూపించాను. "చెట్లు రాత్రి కూడా ఆక్సిజన్ ఇస్తాయి" అన్న మొదటి ఊహ మీద గీత ఉంది. దాని కింద, పగలు నీటిలోని పచ్చటి నాచు కిరణజన్య సంయోగక్రియ వల్ల ఆక్సిజన్ వదులుతుందని, రాత్రి ఎండ లేక అది ఆగిపోయినా నాచు, రొయ్యలు, బాక్టీరియా అన్నీ శ్వాసిస్తూనే ఉంటాయని, అందుకే సూర్యోదయానికి ముందు ఆక్సిజన్ బాగా తగ్గుతుందని, "మా చెరువులో కూడా ఇంతే" అని వాడు రాసుకున్నాడు. ఆయన ఆ పేజీని రెండుసార్లు చదివి, పక్కింటి పుస్తకాన్ని మడిచి చంకలో పెట్టుకున్నారు.

అపోహ: ప్రయోగశాల లేని బడిలో సైన్సు రాదు.

వాస్తవం: ఎనిమిదో తరగతి వరకు కావలసిన వాటిలో చాలా భాగం వంటింట్లో ఉన్నవే. పసుపు రాసిన కాగితం సున్నపు తేటలో ఎర్రబడి నిమ్మరసంతో మళ్లీ పచ్చబడుతుంది. అదే తేటలోకి గొట్టంతో ఊదితే పాలలా మారుతుంది. ఊదాలే గాని పీల్చకూడదని ముందే గట్టిగా చెప్పాలి. గదికి తాళం వేసి ఉంచిన మైక్రోస్కోపు కంటే ఇవి మేలు.

అపోహ: ప్రాజెక్టు అంటే ఒంగోలులో కొన్న థర్మోకోల్ నమూనా.

వాస్తవం: దయచేసి కొనకండి. వాటికి నేను మార్కులు వేయను, ఎందుకు వేయలేదని వాదించినా వేయను. బడి పిల్లల కొత్త ఆలోచనల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఇన్‌స్పైర్ మానక్ పథకంలో కూడా విద్యార్థి సొంత ఆలోచననే పరిశీలించి, ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు ఇస్తారు.

అపోహ: ఇంగ్లీషు మీడియం కనుక పాఠ్యపుస్తకంలో తెలుగు పేజీ చదివితే వెనుకబడతారు.

వాస్తవం: రెండు భాషలలో ఎదురెదురు పేజీలు అచ్చు వేసింది చదవడానికే. ముందు తెలుగులో అర్థం చేసుకొని, తర్వాత ఇంగ్లీషు పదాన్ని పట్టుకున్న పిల్లలు దాన్ని మరిచిపోవడం నేను తక్కువగా చూశాను.

అపోహ: చదువుకోని తల్లిదండ్రులు సైన్సులో బిడ్డకు ఏమీ చేయలేరు.

వాస్తవం: ఈ మాట చెప్పుకొని కళ్లనీళ్లు పెట్టుకున్న తల్లులను చాలామందిని చూశాను. సూక్ష్మజీవుల పాఠం చెప్పిన రోజు, ఇంట్లో పెరుగు ఎలా తోడు వేస్తారో చూసి రమ్మన్నాను. ఒక పాప పుస్తకంలో ఇలా ఉంది: "మా నాయనమ్మ పాలలో వేలు పెట్టి చూసింది. బాగా వేడిగా ఉంటే తోడు చచ్చిపోద్దంట. చల్లగా ఉన్నా తోడుకోదంట. రేపు చల్లటి పాలలో వేసి చూస్తాము." దాని కింద మరుసటి రోజు తేదీ వేసి ఉంది: "పొద్దున తోడుకోలేదు. ఎండెక్కాక కొంచెం చిక్కబడింది. నాయనమ్మ చెప్పింది సగం కరెక్టు."