ఆయాసం ఉన్నవారి నడకకు ఊపిరి ఊతం

గుంటూరు మిర్చి యార్డులో ఏళ్ల తరబడి టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసిన హమాలీ అయినా, కట్టెల పొయ్యి ముందు సగం జీవితం గడిపిన ఇల్లాలు అయినా, ఊపిరితిత్తుల జబ్బు ముదిరాక ఇంట్లో వినే మాట ఒకటే: "ఆయాసం వస్తోంది కదా, కదలకుండా కూర్చోండి." ప్రేమతో చెప్పే ఈ మాట వల్ల రోగికి మేలు కన్నా కీడే ఎక్కువ. కదలిక తగ్గితే కాళ్ల కండరాలు సన్నబడతాయి. సన్నబడిన కండరం కొద్దిపాటి శ్రమకే లాక్టిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది, దాన్ని సర్దుకోవడానికి శరీరం మరింత గాలి కోరుతుంది. అలా వీధి చివరి దాకా వెళ్లి రాగలిగిన మనిషికి కొన్నాళ్లకు స్నానాల గది కూడా దూరమైపోతుంది.

వైద్యులు సీవోపీడీ అని పిలిచే ఈ జబ్బులో అసలు చిక్కు, పీల్చిన గాలి సరిగా బయటకు పోకపోవడం. పొగ వల్ల, దుమ్ము వల్ల సన్నని గాలిగొట్టాలు ఇరుకవుతాయి, వాటిని తెరిచి ఉంచే సాగుడు గుణం ఊపిరితిత్తిలో తగ్గిపోతుంది. నిమిషానికి 15 సార్లు శ్వాసించేవారికి ఒక్కో శ్వాసకు 4 సెకన్లు దొరుకుతాయి. మెట్లు ఎక్కేటప్పుడు అది 30 సార్లయితే 2 సెకన్లే మిగులుతాయి. పాత గాలి పూర్తిగా పోకముందే కొత్త శ్వాస మొదలవుతుంది కనుక, ప్రతి శ్వాసకూ కొంత గాలి లోపలే చిక్కుకుపోతూ ఛాతీ ఉబ్బుతుంది. ఆరోగ్యవంతులు దీన్ని స్వయంగా పరీక్షించుకోవచ్చు: నిండుగా గాలి పీల్చి, అందులో కొద్దిగానే వదిలి, ఆ పైనుంచే మళ్లీ పీలుస్తూ పదడుగులు నడిస్తే, గుండెల మీద ఎవరో కూర్చున్నట్లుండే ఆ అనుభవం తెలుస్తుంది. ఇలా ఉబ్బిన ఛాతీ కింద, ఊపిరి పీల్చే ప్రధాన కండరమైన ఉదరవితానం చదునై బలం కోల్పోతుంది, దాని పని మెడ, భుజాల కండరాల మీద పడుతుంది. దండెం మీద బట్టలు ఆరేసేటప్పుడు, జడ వేసుకునేటప్పుడు ఆయాసం ముంచుకురావడానికి కారణం ఇదే: చేతులు పైకెత్తాక ఆ కండరాలు రెండు పనులు చేయాల్సి వస్తుంది.

ఆయాసం అనగానే మన ఇళ్లలో ముందుగా గుర్తొచ్చేది ఆక్సిజన్ సిలిండర్. అయితే ఆయాసం వేరు, రక్తంలో ఆక్సిజన్ తగ్గడం వేరు. విశ్రాంతిలో ఉన్నప్పుడే ఆక్సిజన్ బాగా పడిపోయిన రోగులకు రోజుకు కనీసం 15 గంటలు ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని 1980లో అమెరికా, 1981లో బ్రిటన్ పరీక్షలు తేల్చాయి. ఓ మోస్తరుగా తగ్గినవారికీ, నడకలో మాత్రమే తగ్గేవారికీ ఆ మేలు కనిపించలేదని 738 మందితో జరిగి 2016లో వెలువడిన అమెరికా అధ్యయనం చూపింది. 2019లో ప్రచురితమైన ఆస్ట్రేలియా అధ్యయనం నాకు మరింత ముఖ్యంగా తోస్తుంది. వ్యాయామంలో ఆక్సిజన్ పడిపోయే రోగులకు 8 వారాలు శిక్షణనిస్తూ, కొందరికి ఆక్సిజన్, మరికొందరికి మామూలు గాలి, ఏది ఇస్తున్నదీ తెలియనీయకుండా అందించారు. రెండు వర్గాలవారికీ నడక మెరుగుపడింది, ఆక్సిజన్ వర్గానికి అదనపు లాభం కనబడలేదు. మేలు చేసింది వ్యాయామమే. అయినా విశ్రాంతిలోనే ఆక్సిజన్ అవసరమైనవారు వ్యాయామంలో దాన్ని తీసివేయకూడదు.

చిక్కుకున్న గాలి మీద నేరుగా పనిచేసే సాధనం మాస్కుతో ఊపిరికి ఒత్తిడినిచ్చే బైపాప్ యంత్రం. పీల్చేటప్పుడు అది ఎక్కువ ఒత్తిడితో గాలిని నెట్టి అలసిన కండరాల బరువు తగ్గిస్తుంది. వదిలేటప్పుడు కొద్దిపాటి ఒత్తిడిని ఎందుకు ఉంచాలన్న సందేహం సహజం. లోపల చిక్కిన గాలి ఊపిరితిత్తిలో ఒత్తిడిగా నిలిచి ఉంటుంది. రోగి తన కండరాలతో ముందు ఆ ఒత్తిడిని దాటితే తప్ప కొత్త గాలి ఒక్క బొట్టు కూడా లోపలికి కదలదు. బయటి నుంచి దాదాపు అంతే ఒత్తిడి ఇస్తే ఆ వృథా శ్రమ తప్పుతుంది. ఈ మాస్కు పెట్టుకుని వ్యాయామ సైకిలు తొక్కే రోగి మరింత బరువుతో సాధన చేయగలడు. 6 అధ్యయనాల్లోని 126 మంది ఫలితాలను 2014లో క్రోడీకరించిన కాక్రేన్ (వైద్య పరిశోధనలను మదింపు చేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష, సాధన తీవ్రత పెరగవచ్చని చెబుతూనే, నడక సామర్థ్యం, జీవన నాణ్యత అదనంగా మెరుగుపడతాయని నిర్ధారించలేకపోయింది. కనుక ఇది తీవ్రమైన జబ్బున్న కొందరికి, ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో వాడవలసిన సాధనం. అద్దెకు తెచ్చి ఇంట్లో ఎవరంతట వారే ఒత్తిడి అమర్చుకొని వాడడం ప్రమాదకరం.

ఖర్చు లేని ఊతాలూ ఉన్నాయి, వాటిని చిన్నచూపు చూడకూడదు. ఈల వేస్తున్నట్లు పెదవులు ముడిచి, పీల్చిన దానికి రెట్టింపు సేపు నెమ్మదిగా వదిలితే గాలిగొట్టాలు త్వరగా మూసుకుపోవు. ముందుకు వంగి చేతులు ఆనించుకుంటే భుజాల కండరాలు ఊపిరికి తోడ్పడతాయి; చక్రాల వాకర్ నడకలో చేసేదీ అదే. 30 మీటర్ల వరండాలో 6 నిమిషాలు నడిపించే పరీక్షతో వైద్యులు రోగి హద్దును నిర్ణయిస్తారు, కాబట్టి ఆ పరీక్ష అయ్యాకే సాధన మొదలుపెట్టాలి. విజయవాడ మే ఎండల్లో నడక తెల్లవారుజామునే ముగించాలి, లేదా ఇంట్లోనే కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం చేయాలి. నీళ్ల బిందె ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా, ఎత్తే క్షణంలోనే పెదవులు ముడిచి వదలడం మొదలుపెట్టి, గట్టు మీద పెట్టేదాకా వదులుతూనే ఉండాలి.