దెయ్యం లేని భయం ఎక్కడి నుంచి వచ్చింది?

1923లో మొదలైన ‘వియర్డ్ టేల్స్’ లాంటి అమెరికన్ పల్ప్ పత్రికల్లో (నాసిరకం కాగితం మీద అచ్చయ్యే చవక కథల పత్రికలు) భయమంటే ఎక్కువగా పాడుబడ్డ కొంపలు, సమాధులు, పేరు పలకడానికి నోరు తిరగని దేవతలు. ఆ భయాన్ని పట్నం నడిబొడ్డుకి తెచ్చిన ఘనత 1939లో సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్ మొదలుపెట్టిన ‘అన్‌నోన్’ పత్రికది. అందులో 1941లో వచ్చిన ఫ్రిట్జ్ లీబర్ ‘స్మోక్ ఘోస్ట్’లో, ఆఫీసు నుంచి రైల్లో ఇంటికెళ్లే ఉద్యోగికి డాబాల మీద మసిపట్టిన మూటలాంటిదేదో కనబడుతుంది. రోజురోజుకీ దగ్గరవుతుంది. కథ నడిచేదంతా ఆ తరిగే దూరం మీదే. యుద్ధకాలపు కాగితం కరువుతో 1943లో ‘అన్‌నోన్’ ఆగిపోయింది. 1954లో ‘వియర్డ్ టేల్స్’ కూడా మూతపడింది.

ఈలోగా ఈ భయం మర్యాదస్తుల పత్రికల్లోకి నడిచొచ్చింది. 1948 జూన్ 26 ‘న్యూయార్కర్’లో షర్లీ జాక్సన్ ‘ది లాటరీ’ అచ్చయ్యాక ఆ వేసవిలోనే మూడొందలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. ఊరంతా చేరి చీటీ తీసి, ఒకరిని రాళ్లతో కొట్టి చంపే ఆ కథలోని తంతు నిజంగా ఏ ఊళ్లో జరుగుతుందని అడిగినవాళ్లూ ఉన్నారు!

పనితనం చూడాలంటే మాత్రం ఆమె 1950 నాటి కథ ‘ది సమ్మర్ పీపుల్’ చదవాలి. సెప్టెంబరు మొదటి వారంలో, లేబర్ డే నాటికి, వేసవి విడిదికి వచ్చినవాళ్లంతా వెళ్లిపోవడం ఆ చెరువుగట్టు ఆనవాయితీ. వయసు మళ్లిన ఆలిసన్ దంపతులు ఆ ఏడు ఉండిపోతారు. కిరసనాయిలు అతను ఇక పోయలేనంటాడు, నవంబరుదాకా తనకే సరుకు రాదట. కొట్టు బాబ్‌కాక్ సామాను ఇంటికి పంపలేనంటాడు, కుర్రాడు బడికెళ్లిపోయాడట. కారు కదలదు. ఫోను మూగబోతుంది. ఏ జవాబుకా జవాబు సబబుగానే ఉంటుంది. అవన్నీ ఒకచోట చేరితేనే ఊపిరాడదు. ఈ వరసలో వచ్చిన అనుకరణలు చాలామటుకు దెబ్బతినేది ఇక్కడే: ఊరివాళ్లు ఎందుకలా చేశారో చివరి పేజీలో విప్పి చెప్పేస్తారు. కారణం తెలిశాక మిగిలేది నేరం కథే. జాక్సన్ ఆ ఇద్దరినీ గాలివాన రాత్రి ఎదురుచూస్తూ కూర్చోబెట్టి ఆపేసింది.

1953లో జెరోమ్ బిక్స్‌బీ ‘ఇట్స్ ఎ గుడ్ లైఫ్’లో అదే నిగ్రహం. తలుచుకున్నది జరిగిపోయే శక్తి ఉన్న మూడేళ్ల ఆంథనీ ఏం చేసినా ఊరంతా ‘మంచిదే’ అనాల్సిందే. ఎదురు మాట్లాడిన ఊరివాడు డాన్ హాలిస్‌ని వాడు దేనిలా మార్చేశాడో రచయిత చెప్పడు. 1961లో ‘ట్విలైట్ జోన్’ టీవీ ధారావాహికలో ఏదో ఒకటి చూపించక తప్పక, పెట్టెలోంచి పైకి లేచే స్ప్రింగు బొమ్మని చేశారు. ఎపిసోడ్ గొప్పదే, కానీ ఆ ఒక్కచోట కథే ఎక్కువ భయపెడుతుంది.