మోకాలు నేలకు తగిలితే అవుట్

1930ల అమెరికా ఆర్థిక మాంద్యం మీద వచ్చిన కథల్లో డాన్సు మారథాన్, అంటే ఆఖరిదాకా పడిపోకుండా ఆడినవాళ్లే గెలిచే పోటీ, ఎదురైతే, మొదటిసారి చదివేవాళ్లు అది రచయిత అల్లిన ప్రతీక అనుకుంటారు. నిద్రలో తూలుతూ, ఒకరి భుజం మీద ఒకరు వాలి, వారాల తరబడి కాళ్లీడ్చే జంటలు. చుట్టూ టికెట్టు కొని కూర్చున్న జనం. ఇదంతా నిజంగా జరిగిందే.

పుట్టినప్పుడు దీనికి ఆకలితో పనిలేదు. 1923 మార్చి 31న న్యూయార్క్‌లోని ఆడుబాన్ బాల్‌రూమ్‌లో ఆల్మా కమింగ్స్ అనే డాన్సు టీచరు 27 గంటలు ఆడింది. జతగా దిగిన మగవాళ్లు ఆరుగురు అలిసిపోయారు, ఆమె మాత్రం ఆగలేదు. ఇక ఊరూరా రికార్డుల పిచ్చి. ఆ ఏప్రిల్‌లోనే నార్త్ టోనవాండాలో హోమర్ మోర్‌హౌస్ అనే యువకుడు 87 గంటలు ఆడి, కుప్పకూలి చనిపోయాడు.

1929లో స్టాక్ మార్కెట్ కూలింది. 1933 నాటికి పనిచేయగల ప్రతి నలుగురిలో ఒకరికి పనిలేదు. సరదా పోటీ కాస్తా బతుకుతెరువైంది. ప్రైజు ఎవరికో ఒక్క జంటకే దక్కుతుంది కానీ, ఆడుతున్నన్నాళ్లూ తిండి, తల మీద కప్పు అందరికీ దొరికేవి. గంటలో 45 నిమిషాలు కదలాలి, 15 నిమిషాలు విశ్రాంతి. భోజనం ఎత్తైన బల్లల దగ్గర నిలబడే, అదీ పాదాలు ఆడిస్తూనే. ఒకరు నిద్రపోతే రెండోవాళ్లు మోయాలి. మోకాలు నేలకు తగిలిందా, ఇంటికే. ఆ ఇల్లంటూ ఉంటే!

ఊరికే కాళ్లీడుస్తుంటే ఎవరు చూస్తారు? అందుకే నిర్వాహకులు పరుగు పందాలు పెట్టి వెనకబడ్డవాళ్లను ఏరేసేవాళ్లు. వేదిక మీదే ఉత్తుత్తి పెళ్లిళ్లు జరిపించేవాళ్లు. మైకు పట్టుకున్నవాడు ఒక్కొక్కరి కష్టాన్నీ కథగా చెప్పి జాలి పుట్టిస్తే, ప్రేక్షకులు చిల్లర విసిరేవాళ్లు. తర్వాత పెద్ద గాయకుడైన ఫ్రాంకీ లేన్ 1932లో అట్లాంటిక్ సిటీలో జోడీతో కలిసి 145 రోజులు ఆడి రికార్డు కొట్టాడు. చిన్నప్పుడు వాడెవిల్ అనే ఆటపాటల రంగస్థల ప్రదర్శనల్లో వెలిగిన జూన్ హావోక్, ఆ ప్రదర్శనలు మూతపడుతున్న రోజుల్లో ఈ ఫ్లోర్ మీదికే చేరింది.

చూసేవాళ్లను రాక్షసులుగా చూపించడం ఈ కథలకు అలవాటు. నాకది సగమే నిజమనిపిస్తుంది. పావు డాలరు టికెట్టుతో ఎంతసేపైనా కూర్చోనిచ్చేవాళ్లు. వచ్చినవాళ్లలోనూ పనిలేనివాళ్లు తక్కువేం కాదు. తమకన్నా అధ్వానంగా ఉన్నవాణ్ణి చూడటంలో ఊరట ఉంది, వాడు ఇంకా పడిపోలేదన్న ధైర్యమూ ఉంది.

చర్చిలు, మహిళా సంఘాలు అభ్యంతరం చెప్పాయి. సినిమా హాళ్ల యజమానులూ గొంతు కలిపారు, వాళ్ల బాధ గల్లాపెట్టె గురించి లెండి. కొందరు నిర్వాహకులు డబ్బెగ్గొట్టి రాత్రికి రాత్రే ఊరు దాటడంతో నిషేధాలకు బలం చేకూరింది. ఒక్కో నగరం, ఒక్కో రాష్ట్రం తలుపులు మూస్తుంటే, మిగిలిన కాస్తా రెండో ప్రపంచ యుద్ధంలో కొట్టుకుపోయింది.

ఈ పోటీలు ఇంకా నడుస్తుండగానే, 1935లో, హోరేస్ మెక్‌కాయ్ వాటి మీద నవల రాశాడు. అమెరికా అప్పట్లో దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, ఫ్రాన్స్ మెచ్చుకుంది. సిడ్నీ పోలాక్ దాన్ని సినిమా తీసింది 1969లో, అప్పటికది గతకాలపు కథ. ఆ సినిమాకు వచ్చిన ఒకే ఒక్క ఆస్కార్ గిగ్ యంగ్‌ది. అతను వేసింది మైకు పట్టుకున్నవాడి పాత్ర.