మొదటి మందు ధర దిగింది, తర్వాతి మందు మాటేమిటి?

ఖరీదైన క్యాన్సర్ మందులకు కంపల్సరీ లైసెన్స్, అంటే పేటెంట్ ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా వేరేవాళ్లు ఆ మందు తయారుచేసుకునే అనుమతి, ఇవ్వాలన్న మాట మళ్లీ వినిపిస్తోంది. ఈసారి ముదిరిన థైరాయిడ్ క్యాన్సర్ విషయంలో. ఆపరేషన్, రేడియో అయోడిన్ (రేడియోధార్మిక అయోడిన్‌తో చికిత్స) సంగతి చాలామందికి తెలిసిందే. అయోడిన్‌కు కూడా లొంగని గడ్డల దగ్గరే అసలు చిక్కు.

దీని మూలం 2012 మార్చి 9న ఉంది. ఆ రోజు పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్. కురియన్, జర్మన్ కంపెనీ బేయర్‌కు పేటెంట్ ఉన్న క్యాన్సర్ మందు సొరాఫెనిబ్ తయారీకి మన హైదరాబాద్ కంపెనీ నాట్కోకు లైసెన్స్ ఇచ్చారు. దేశంలో అదే మొదటిది. నెలకు సరిపడే 120 మాత్రలను బేయర్ దాదాపు 2.80 లక్షలకు అమ్ముతుంటే, నాట్కో ధర 9 వేల లోపే. ఏటా 600 మంది పేదలకు ఉచితంగా ఇవ్వాలన్నది ఒక షరతు. బేయర్ మందు అందినవాళ్లు అవసరమైనవాళ్లలో 2 శాతం చిల్లరేనని కంట్రోలర్ తేల్చారు. సిప్లా అనే మరో కంపెనీ అమ్మే ఇదే మందు ఎలాగూ దొరుకుతోంది కదా అని బేయర్ వాదించింది. అప్పట్లో ఆ సిప్లా మీద పేటెంట్ కేసు నడిపిందీ బేయరే! 2014లో బొంబాయి హైకోర్టు లైసెన్సును నిలబెట్టింది, అదే ఏడాది సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది.

నిజానికి ఆ లైసెన్సు కిడ్నీ, లివర్ క్యాన్సర్లకే. థైరాయిడ్‌కు సొరాఫెనిబ్ వాడేందుకు అమెరికా అనుమతించింది 2013 నవంబరులో.

అయితే ఆ మందు ఎల్లకాలం పనిచేయదు. ట్రయల్‌లో జబ్బు అదుపులో ఉన్న మధ్యస్థ కాలం 10.8 నెలలు. 2015లో వచ్చిన లెన్వాటినిబ్‌తో 18.3 నెలలు. ఇవి గడ్డకు రక్తనాళాలు పెరిగే దారిని మూస్తాయి, గడ్డ ఇంకో దారి వెతుక్కుంటుంది. అలా మందు పనిచేయడం మానేసినవాళ్ల కోసం 2021లో కాబోజాంటినిబ్‌కు అమెరికా అనుమతి వచ్చింది. రెట్ (RET) అనే జన్యువులో మార్పు ఉన్నవాళ్లకు సెల్పర్‌కాటినిబ్ ఉంది. అదే జన్యువులో మరో మ్యుటేషన్ వస్తే ఆ మందూ అతుక్కోదు. అంటే రోగికి కావాల్సింది ఒక మందు కాదు, ఒకదాని వెనక ఒకటి.

పేటెంట్ చట్టం నడక వేరు. పేటెంట్ ఇచ్చి మూడేళ్లు గడిస్తే గానీ సెక్షన్ 84 కింద కంపెనీలు కంపల్సరీ లైసెన్సుకు అర్జీ పెట్టలేవు. సొరాఫెనిబ్ పేటెంట్ 2008లో వస్తే నాట్కో 2011లో అడగగలిగింది. ఆ తర్వాత ఇంకెవరికీ లైసెన్సు రాలేదు. షుగర్ మందు సాక్సాగ్లిప్టిన్ కోసం అడిగిన హైదరాబాద్ కంపెనీ లీ ఫార్మాకు 2016లో మొండిచెయ్యే ఎదురైంది. సెక్షన్ 92 కింద అలాంటి లైసెన్సు అవసరమని కేంద్రమే నోటిఫై చేస్తే ఆ మూడేళ్లు ఆగక్కర్లేదు. క్యాన్సర్ మందుల విషయంలో కేంద్రం ఇప్పటిదాకా ఆ పని చేయలేదు.