హైస్కూల్లో కెమిస్ట్రీ పోస్టు లేదు మాస్టారూ!

"మాస్టారూ, నాది ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. ఫిజిక్స్ జోలికి పోకుండా హైస్కూల్ టీచరయ్యే దారేమైనా ఉందా?"

మొన్న మద్దిలపాలెంలో టీ తాగుతుంటే ఒక కుర్రాడు అడిగాడు. ఈ నెలలో ఇదే ప్రశ్న నాలుగోసారి. నేను భీమిలి వైపు ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఏటా బీఈడీ ట్రైనీలు ఇంటర్న్‌షిప్‌కి మా బడికి వస్తారు. వాళ్లు మోసుకొచ్చే పుకార్లు వినీ వినీ ఇక రాసేయాలనిపించింది.

అపోహ: హైస్కూల్లో కెమిస్ట్రీకి వేరే టీచరు ఉంటారు.

మన ప్రభుత్వ బడుల్లో ఉండరు. ఉన్న పోస్టు పేరు స్కూల్ అసిస్టెంట్, ఫిజికల్ సైన్స్. పొద్దున ఆమ్లాలు, క్షారాలు చెప్పిన నోటితోనే మధ్యాహ్నం కటకాలు చెప్పాలి. బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌లో 150 మార్కుల్లో సబ్జెక్టుకు 100, అందులో ఫిజిక్స్ 50, కెమిస్ట్రీ 50. నేనూ కెమిస్ట్రీ మనిషినే. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది కుంభాకార కటకానికి కిరణ చిత్రం గీస్తూ ప్రతిబింబాన్ని తప్పు వైపు పెట్టాను. వెనక బెంచీ వాడు లేచి సరిచేశాడు. ఆ రాత్రి నుంచే ఫిజిక్స్ చదవడం మొదలుపెట్టాను.

కెమిస్ట్రీ తప్ప ఇంకేం చెప్పనంటే జూనియర్ లెక్చరర్ పోస్టు చూసుకోండి, దానికి పీజీ చాలు, బీఈడీ అడగరు. పదకొండు, పన్నెండు తరగతులు చెప్పే పీజీటీ పోస్టు అయితే పీజీతో పాటు బీఈడీ కూడా కావాలి.

అపోహ: ఎడ్‌సెట్‌లో ఫిజికల్ సైన్స్ సీటు వచ్చిందంటే టీచరు పోస్టులు నింపే డీఎస్సీకి అర్హత వచ్చినట్టే.

మిగతావన్నీ మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. చోడవరం వైపు నుంచి ఒకమ్మాయి. ఇంటర్ బైపీసీ, డిగ్రీ బీజెడ్‌సీ, అంటే బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. డిగ్రీలో ఫిజిక్స్ లేకపోయినా ఇంటర్‌లో ఉంటే ఎడ్‌సెట్ ఫిజికల్ సైన్స్ మెథడాలజీకి (బీఈడీలో బోధనకు ఎంచుకునే సబ్జెక్టు) ఒప్పుకుంటుంది. "కెమిస్ట్రీ ఉంది కదమ్మా, చాలు" అని కౌన్సెలింగ్ రోజుల్లో ఎవరో చెప్పారట. చేరింది. రెండేళ్లు చదివింది, టీచరు అర్హత పరీక్ష టెట్‌లో మంచి మార్కులే తెచ్చుకుంది. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ పడింది. అప్లికేషన్ పెట్టబోతూ అర్హతల కాలమ్ చదివితే, స్కూల్ అసిస్టెంట్ ఫిజికల్ సైన్స్‌కి డిగ్రీలోనే ఫిజిక్స్, కెమిస్ట్రీ కోవ సబ్జెక్టులు రెండు ఉండాలని ఉంది. ఈమెకు ఉన్నది ఒక్కటే.

మధ్యాహ్న భోజనం వేళ ఫోన్ పట్టుకుని మా బడికొచ్చింది. "సార్, నాకే సరిగ్గా అర్థం కాలేదేమో, మీరొకసారి చూడండి" అంది. రెండుసార్లు చదివాను. సరిగ్గానే అర్థమైంది. అన్నం తిన్నావా అని అడగడం తప్ప నాకేం తోచలేదు.

ఎడ్‌సెట్ చూసేది కోర్సులో చేరడానికి అర్హత. డీఎస్సీ చూసేది ఉద్యోగానికి అర్హత. రెండూ ఒకటి కావు. కాబట్టి మెథడాలజీ ఎంచుకునే ముందు పాత డీఎస్సీ నోటిఫికేషన్ ఒకటి తీసి, మీ డిగ్రీ మెమో పక్కన పెట్టుకుని, ఒక్కో సబ్జెక్టుకు టిక్కు పెట్టుకోండి. బీజెడ్‌సీ వాళ్లకు బయలాజికల్ సైన్స్ దారి ఉంది, ఆ మెథడాలజీ తీసుకోండి. ఇప్పుడు డిగ్రీలో ఉన్న పిల్లలకు ఇంకో మాట. 2023-24 నుంచి సింగిల్ మేజర్ పద్ధతి వచ్చాక కెమిస్ట్రీ మేజర్ తీసుకుని, మైనర్‌గా స్నేహితుడు ఏది తీసుకుంటే అది తీసుకుంటున్నారు. టీచరు కావాలనుంటే మైనర్ ఫిజిక్స్ తీసుకోండి. కొత్త నోటిఫికేషన్ వచ్చిన రోజు అర్హతల పేజీ మళ్లీ చదవండి. నా మాట నమ్మి ఊరుకోవద్దు, వాట్సాప్ గ్రూపు మాట అసలే నమ్మొద్దు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

బీఈడీ ఉంటే ప్రాథమిక తరగతుల టీచరు పోస్టు ఎస్‌జీటీ కూడా రాసుకోవచ్చంటారు. కుదరదు. ప్రాథమిక తరగతులకు బీఈడీ అర్హత కాదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చేసింది. దానికి డీఈఎల్‌ఈడీ అనే ప్రాథమిక బోధన డిప్లొమా కావాలి.

టెట్ ఏడేళ్లకు చెల్లకుండా పోతుందని కొందరికి ఇంకా టెన్షన్. ఆ గడువు 2021లోనే ఎత్తేశారు, ఇప్పుడది జీవితాంతం చెల్లుతుంది. డీఎస్సీలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది, మార్కులు తక్కువొస్తే మళ్లీ రాసుకోండి.

ఏడాది బీఈడీ వస్తోందట, ఆగమంటారా అని అడుగుతారు. 2025లో టీచరు శిక్షణకు నిబంధనలు పెట్టే ఎన్‌సీటీఈ పెట్టింది ముసాయిదా. ముసాయిదాను నమ్ముకుని ఇంట్లో కూర్చోకండి.

ఫీజు కట్టేస్తే కాలేజీకి వెళ్లకపోయినా నడిచిపోతుందట! నిబంధన ప్రకారం తరగతులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం హాజరు ఉండాలి. ఆ ఇంటర్న్‌షిప్పే 20 వారాలు. ఎగ్గొట్టినవాళ్లు నష్టపోయేది ఎక్కడో చెబుతాను.

ఒక ఏడాది మా బడికి వచ్చిన ట్రైనీ ఎమ్మెస్సీలో ఫస్టు. "సబ్జెక్టు వచ్చు కదండీ, ఇదంతా ఫార్మాలిటీ" అనేవాడు. తుప్పు పాఠం ఇచ్చాను. మూడు పరీక్షనాళికలు, మూడు ఇనుప మేకులు. ఒకదాంట్లో నీళ్లు, గాలి. రెండోదాంట్లో మరిగించిన నీళ్లు, పైన నూనె. మూడోదాంట్లో అనార్ద్ర కాల్షియం క్లోరైడ్ వేసి బిరడా బిగించాడు. శుక్రవారం పెట్టి వెళ్లాడు. సోమవారం వచ్చి చూస్తే మొదటిదానితో పాటు మూడో మేకూ తుప్పు పట్టింది. మా ల్యాబ్‌లో ఆ సీసా మూత ఎప్పుడో పగిలింది. ఈ సముద్రపు గాలికి లోపల పొడి పొడిగా లేదు, తడిసి ముద్దయి ఉంది. వాడే ముందు అతను సీసా వంచి చూడలేదు.

కుర్రాడికి చెమటలు పట్టాయి. ఆ నాళికను చేతి వెనక దాచబోయాడు. రెండో బెంచీలో కూర్చున్న పిల్ల, వాళ్ల నాన్న చేపల వేటకి వెళ్తాడు, లేచి అంది: "సార్, మా పడవ ఒడ్డునున్నా మేకులు తుప్పట్టేస్తాయి. అందులోకి కూడా నీళ్లగాలి పోయుంటాది."

ఆ తర్వాత అరగంట పాఠం వాళ్లే నడిపారు. మర్నాడు అతను రికార్డులో 'ప్రయోగం విఫలమైంది' అని రాసుకొచ్చాడు. ఆ లైను కొట్టేయించి, మూడో మేకు ఫోటో అంటించుకుని రమ్మన్నాను.